దేనికీ పట్టని పిన్ను

మొన్న హనుమకొండలో కంటి ఆసుపత్రి వరండాలో నా వంతు కోసం కూర్చుని ఉండగా, పక్క కుర్చీలో ఉన్న అమ్మాయి ఫోను ప్రాణం విడిచింది. "ఆంటీ, చార్జర్ ఉన్నదా?" అని అడిగింది. సంచిలోంచి తీసి ఇచ్చాను. ఆమె ఫోను ఏ కంపెనీదో నాకు తెలియదు, నా చార్జరు ఏ కంపెనీదో ఆమె అడగలేదు. తీగ కొస ఫోను నోట్లోకి దూరి 'టిక్' మంది. నల్లబడ్డ తెర మీద వెలుగు వచ్చింది. ఆ అమ్మాయి నాకు థాంక్స్ చెప్పి ఫోనులోకి వెళ్లిపోయింది, నేను ఆ టిక్కు దగ్గరే ఆగిపోయాను. కళ్లు చూపించుకోవడానికి వచ్చినదాన్ని చెవులతో ఎక్కడికో చూస్తూ కూర్చున్నాను. ఆసుపత్రి ఫినాయిల్ వాసనను పక్కకు నెట్టేసి, ఎప్పటిదో సోల్డరింగ్ పొగ వాసన ముక్కుకు తగిలింది. ఆ పొగ వెనకాల హమీద్ సార్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఊడిన ఒక తీగను బుజ్జగిస్తూ కనిపించారు.

ఆయన గురించి తెలియనివాళ్లకు చెప్పాలంటే ముందు మూతల గురించి చెప్పాలి. వరంగల్ స్టేషన్ రోడ్డులో ఆయనకు 'హమీద్ రేడియోస్' అనే దుకాణం ఉండేది. రేడియోలు బాగుచేయడం, పెళ్లిళ్లకూ జాతరలకూ మైకు సెట్లు కిరాయికివ్వడం, యాంప్లిఫయర్లు సొంతంగా తయారుచేయడం అక్కడి పని. మనిషి సన్నగా, పొడుగ్గా, ఏరియల్‌లాగా ఉండేవారు. గాలిలో వచ్చే కొత్త సంగతులన్నీ ఊళ్లో ముందు ఆయనకే అందేవి కూడా. బాగా చదువుకున్నారు. హైదరాబాదులో వైర్‌లెస్ శాఖలో సర్కారు కొలువు వదిలేసి సొంత ఊరికి వచ్చేశారు. ఎందుకు వదిలేశారని ఎవరడిగినా ఒకటే జవాబు: "అక్కడ మూతలు తెరవనియ్యరు."

డెబ్బైల చివర్లో నేను పరకాల దగ్గరి మా ఊరి నుంచి, పాలిటెక్నిక్ డిప్లొమా కాగితం చేతబట్టుకుని ఆ దుకాణం మెట్లెక్కాను. ఎలక్ట్రానిక్స్ చదివిన ఆడపిల్లకు కొలువిచ్చే చోటు అప్పట్లో మరొకటి కనిపించలేదు. పేరు అడిగారు. సుగుణ అన్నాను. "ఏం పని వస్తది బేటీ?" అన్నారు. దాచడమెందుకని, "థియరీ వస్తది సార్" అన్నాను. ఆయన ఏమాత్రం నవ్వకుండా, "ఫికర్ చెయ్యకు, అది మెల్లగ తగ్గుతది" అన్నారు. ఆ మాట నిజం చేయడానికి నేను పెద్దగా కష్టపడనక్కరలేకపోయింది.

నాకు ఆయన అప్పగించిన మొదటి పని బొమ్మలు గీయడం. దుకాణంలో తయారయ్యే ప్రతి యాంప్లిఫయర్ లోపల ఏ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో, ఏ భాగం పాడైతే దాని బదులు ఏది వాడవచ్చో శుభ్రంగా గీసి, ఆ కాగితాన్ని మూత లోపలి వైపు అతికించాలి. మైదా జిగురులో కొంచెం మైలుతుత్తం కలిపేవాళ్లం, బొద్దింకలు తినకుండా. అక్షరాలు తెలుగులో, అవే మాటలు కింద ఉర్దూలో. ఏ ఊళ్లో ఎవరు ఆ మూత తెరిచినా, కాస్త పని తెలిసినవాడైతే చాలు, మా దగ్గరికి రాకుండానే బాగుచేసుకోగలిగేలా ఉండాలి. "మరి మన దగ్గరికి ఎవరు వస్తరు సార్?" అని అడిగాను. నా కొలువు సంగతి కూడా ఆ ప్రశ్నలో దాక్కుని ఉంది. "బాగ చేస్తమని తెలిసినోళ్లు వస్తరు. వేరే దిక్కులేక వచ్చేటోళ్లు మనకెందుకు?" అన్నారు. వినడానికి బాగానే ఉంది కానీ, దిక్కులేక వచ్చేవాళ్ల మీదే ఊళ్లో సగం దుకాణాలు నడుస్తున్నాయని అప్పటికే నాకు తెలుసు.

ఆ సగంలో మొదటిది రోడ్డుకు అవతలి వైపున్న మల్లేశమన్న సౌండ్ సర్వీసు. ఆయనా మైకుల మనిషే, మాకు గట్టి పోటీ. గొంతుకు మైకు అక్కరలేని మనిషి మైకుల వ్యాపారం ఎందుకు పెట్టాడో ఎవరికీ తెలియదు. ఆయన పద్ధతి మాకు సరిగ్గా తిరగేసి ఉండేది. తన యాంప్లిఫయర్లలో ట్రాన్సిస్టర్ల మీద ఉండే నంబర్లను ఆకురాయితో గీకేసేవాడు, ఇంకెవరూ బాగుచేయలేకుండా. మేము మూతల్లో బొమ్మలు అతికిస్తుంటే అరుగు మీద నిలబడి అరిచేవాడు.

"హమీద్ భాయ్! ఇంటికి తాళమేసి, చెవి తీస్కపోయి తలుపుకే తగిలిస్తాన్నవేంది?"

"నేను తాళమే ఎయ్యలే మల్లన్నా."

"గట్లయితే దొంగలకు చాయ్ గూడ పొయ్యి!"

"దా మరి, పోస్త."

ఇంత మాట అన్న మనిషే కొన్నాళ్లకు చంకలో ఒక యాంప్లిఫయర్ పెట్టుకుని, రోడ్డుకు అటూ ఇటూ చూసి మా దుకాణంలోకి వచ్చాడు. తానే గీకేసిన ట్రాన్సిస్టర్ కాలిపోయింది. దాని నంబరు తనకే గుర్తులేదు. హమీద్ సార్ చాయ్ తెప్పించి, ముందు చాయ్ తాగించి, తర్వాత ఆ ట్రాన్సిస్టర్ ఏదో కనిపెట్టి చెప్పారు. ఒక్క వెటకారపు మాట అనలేదు. అనాల్సినవన్నీ నా కడుపులో అలాగే మిగిలిపోయి నాకు రెండు రోజులు అజీర్తి చేసింది.

ఇన్ని మూతలు తెరిచిన హమీద్ సార్‌కు కూడా ఒక ముచ్చట ఉండేది. అది పిన్ను. తీగ కొసన ఉండే మామూలు పిన్నులు జాతరల్లో జనం కాళ్లు తగిలి ఊడిపోతుంటాయని, ఆయన సొంతంగా ఒకటి తయారుచేశారు. గుండ్రటి ఇత్తడి పిన్ను. సాకెట్టులో పెట్టి కొద్దిగా తిప్పితే గట్టిగా పట్టుకుని, ఎద్దు తొక్కినా ఊడేది కాదు. పాత బజారులో ఒక లేత్ మిషన్ ఆయన దాన్ని నగలాగా చెక్కి ఇచ్చేవాడు. హమీద్ సార్ చేతిలో అది ఎప్పుడూ తిరుగుతూ ఉండేది, జపమాలలాగా.

ఒక మేడారం జాతర ముందు ఆయన మైకుల వాళ్లందరినీ దుకాణానికి పిలిచారు. ఆ జాతరకు మైకుల కాంట్రాక్టు ఒక్కరిదే కాదు. వాగు వైపు మల్లేశమన్నవి, అమ్మవార్ల గద్దెల వైపు మావి, బస్సులు ఆగే చోట ములుగు వాళ్లవి. ఒక్కొక్కరి పిన్ను ఒక్కో రకం. అందుకని ఒకరి సెట్టుకు ఇంకొకరి సెట్టు కలిసేది కాదు, తప్పిపోయినవాళ్ల పేర్లు ఏ వైపు చెబితే ఆ వైపే వినిపించేవి. హమీద్ సార్ అందరికీ చాయ్, బిస్కెట్లు ఇచ్చి, ఇత్తడి పిన్ను బల్ల మధ్యలో పెట్టారు.

"అందరం గిదే పెట్టుకుందం. ఒక కాడ చెప్తే జాతర మొత్తం వినపడ్తది."

మల్లేశమన్న దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, మళ్లీ బల్ల మీద పెట్టాడు. "మస్తుగున్నది భాయ్. ఎక్కడ దొరుకుతది?"

"మన లేత్ ఆయన చేసిస్తడు."

"అంటే నీ లేత్ ఆయనకు జరమొస్తే మా మైకులు మూగబోవాల్నా?"

అందరూ నవ్వారు. బిస్కెట్లు అయిపోయాయి, సభ కూడా అయిపోయింది. హమీద్ సార్ ఆ సాయంత్రమంతా ఆ పిన్నును సాకెట్టులో పెట్టి తిప్పుతూ, తీస్తూ కూర్చున్నారు. తన పిన్ను మంచిది కాదని ఎవరైనా అంటే ఆయన తట్టుకునేవారు. మంచిదే కానీ వద్దు అన్నారే, అది ఆయనకు మింగుడు పడలేదు.

జాతరకు నేనూ వెళ్లాను. గద్దెల వైపు మా పందిట్లో యాంప్లిఫయర్ దగ్గర కూర్చోవడం నా పని. మధ్యాహ్నం ఎండ మండుతుండగా మల్లేశమన్న బావమరిది జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. వాగులో స్నానం చేసి బయటికి వచ్చిన మల్లేశమన్న తల్లి రాజవ్వ పొద్దుట్నుంచి కనిపించడం లేదట. ముసలావిడ మళ్లీ వస్తే తన మైకు దగ్గరికే వస్తుందని మల్లేశమన్న అక్కడి నుంచి కదలకుండా పిలుస్తూనే ఉన్నాడట. హమీద్ సార్ వెంటనే మా మైకులో ఆమె పేరు చెప్పారు. మళ్లీ చెప్పారు. ఎవరూ రాలేదు.

"ఈ జాతరల ఎంతమంది రాజవ్వలున్నరో బేటీ. నా గొంతు విని ఆమె ఎందుకొస్తది? కొడుకు గొంతు వినపడాలె" అంటూ ఆయన లేచారు. మా చివరి లౌడ్‌స్పీకర్ గుంజకూ మల్లేశమన్న మొదటి గుంజకూ మధ్య పిలిస్తే పలికేంత దూరమే. ఒక తీగ ఇటు నుంచి అటు వేస్తే ఆయన గొంతు మా సెట్టులోకి వచ్చేస్తుంది. తీగ ఉంది, గుంజలు ఉన్నాయి, మనుషులున్నారు. వాళ్ల సాకెట్టు చప్పటి రెండు పిన్నులది, మా తీగ కొసన ఉన్నది గుండ్రటి ఇత్తడిది. హమీద్ సార్ ఒక్క క్షణం దాన్ని చూశారు. తర్వాత కటింగ్ ప్లయర్ తీసి ఇత్తడి పిన్నును మెడ దగ్గర తెంచేశారు. "పట్టుకో" అని నా అరచేతిలో పెట్టి, మల్లేశమన్న దగ్గరి చప్పటి పిన్ను ఒకటి తీసుకుని అక్కడే, ఆ దుమ్ములోనే, తీగకు బిగించారు.

మా లౌడ్‌స్పీకర్లలోంచి ఒక్కసారిగా బొంగురుపోయిన గొంతు వచ్చింది: "అవ్వా... నేనే, మల్లేశాన్నే. యాడున్నవే?" ఊళ్లో మమ్మల్ని రోజూ ఆడిపోసుకునే ఆ గొంతు ఏడుస్తోంది. నేను వాల్యూమ్ పెంచడం తప్ప ఏమీ చేయలేకపోయాను. కాసేపటికి, చేతిలో బెల్లం ముద్దతో, పమిట నడుముకు చుట్టుకుని ఒక ముసలావిడ మా పందిట్లోకి నేరుగా వచ్చి హమీద్ సార్ మీద విరుచుకుపడింది.

"ఏమ్రా హమీదూ! నీకు మావానికి పడది గదా. వాని గొంతు నీ మైకుల కెల్లి ఎందుకొస్తాంది? వాన్ని మింగినవా ఏంది?"

"మింగలే అవ్వా, కలిసినం" అన్నారు సార్. అనేటప్పుడు ఆయన కళ్లు తడిగా ఉన్నాయి, అది ఎండ వల్లేనని తర్వాత నాతో వాదించారు.

జాతర నుంచి వచ్చాక హమీద్ సార్ మా సాకెట్లన్నీ పీకేసి చప్పటివి పెట్టించారు. నాకు ఒళ్లు మండింది. "మన పిన్నే మంచిది గద సార్" అన్నాను. "మంచిదే బేటీ. దాని అంత మంచిది ఇంకోటి లేదు. కానీ ఒంటరిది" అన్నారు. చేతిలోని చప్పటి పిన్ను చూపించి, "బజార్ల ఏ దుకాణానికి పోయినా దొరికేది, ఎవరన్న చేసుకునేటిది, అది కలుపుతది. మనమొక్కరమే చేసేటిది అందరితోని మనకు మొక్కులు పెట్టిస్తది. మనకు మొక్కులొద్దు" అన్నారు. ఆ ఇత్తడి పిన్నును తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. "నీ కాడ ఉండనీ. నాకు కనబడితే మళ్ల పెట్టాలనిపిస్తది."

ఎనభైల మధ్యలో మా ఊరికి కంప్యూటర్లు వచ్చాయి. హమీద్ సార్ నన్ను అప్పటికే హైదరాబాదు పంపి ప్రోగ్రాములు రాయడం నేర్పించారు. థియరీ తగ్గిందని సంతోషించేలోపు మళ్లీ పెరిగింది. రైతుల నుంచి పత్తి కొని గింజ తీసే ఒక మిల్లు వాళ్లు తూకాల రసీదులకూ సరుకు వివరాలకూ కంప్యూటర్ పెట్టుకుంటామని, ఏది కొనాలో చెప్పమని హమీద్ సార్‌ను అడిగారు. సంగతి ఎలా తెలిసిందో, ఒక కంపెనీ సేల్స్ ఆయన టై కట్టుకుని మా దుకాణానికి వచ్చాడు. మిల్లుకు తమ కంప్యూటరే కొనిపిస్తే జిల్లా ఏజెన్సీ మాకే ఇస్తామన్నాడు.

"జిల్లా మొత్తం మీద మీరొక్కరే సార్. ప్రింటర్ మాదే, తెరలు మావే, తీగ కూడా మాదే. మరలు చూడండి, ఇవి మామూలు స్క్రూడ్రైవర్‌కు రావు. ఆ పనిముట్టు మీకు మాత్రమే ఇస్తాం. ఇంకెవరూ మూత తెరవలేరు."

నాకు ఆ మాటలు చక్కెర పాకంలా వినిపించాయి. జీవితాంతం కొలువు ఢోకా లేదు. బల్ల కింద నుంచి సార్ కాలు తొక్కాను. ఆయన కాలు పక్కకు తీసుకుని, "ఒకసారి మూత తెరిచి లోపల చూపిస్తరా?" అన్నారు.

"కంపెనీ ఒప్పుకోదు సార్."

"లోపల రాసిన ప్రోగ్రాములు రేపు ఇంకో కంపెనీ మిషన్ల నడుస్తయా?"

"ఇంకో కంపెనీ దాకా ఎందుకు సార్, మేమున్నాం కదా!"

"మీరు ఉంటరు. ఎన్నడిదాక ఉంటరో అదొక్కటే తెల్వదు" అని హమీద్ సార్ ఆయనకు రెండో చాయ్ తెప్పించారు. మా దుకాణంలో రెండో చాయ్ అంటే వెళ్లిరమ్మని అర్థం.

ఆయన వెళ్లాక నేను సార్‌తో గట్టిగానే పోట్లాడాను. వచ్చిన అదృష్టాన్ని చాయ్ పోసి పంపించారన్నాను. ఆయన నన్ను స్కూటర్ మీద మిల్లుకు తీసుకెళ్లారు. మిల్లు మేనేజరు రామచంద్రం గారు మెత్తటి మనిషి. ఆయనకు ఆ టై ఆయన చూపించిన రంగురంగుల కాగితాలు బాగా నచ్చాయి. అన్నీ ఒకే కంపెనీవైతే తలనొప్పి ఉండదు కదా అన్నారు. హమీద్ సార్ కిటికీలోంచి ఆవరణలో వరస కట్టిన పత్తి బండ్లను చూపించారు.

"ఆ ముందట బండి చూడున్రి. ఎడ్లు ఎక్కడియి? ఏ అంగట్ల కొన్నరో. బండి చేసినాయన వాళ్ల ఊరి వడ్లాయన. చక్రం పట్టా ఇంకో ఊరోళ్లు వేసిండ్రు. ఒక ఎద్దు సస్తే బండి పారేస్తరా సాబ్?"

"ఇంకో ఎద్దును కడతరు."

"ఎందుకు కట్టగల్గుతరు? కాడి అందరిదీ ఒక్క తీరుగ ఉంటది కాబట్టి. గీ కంపెనీ ఆయన తన ఎద్దు మెడకే పట్టే కాడి అమ్ముతాండు. ఆ ఎద్దుకు ఏమన్నయితే మీరు బండి, పత్తి అన్ని విడిచిపెట్టి ఆయన ఇంటిముందు కూసోవాలె."

మేనేజరు గారు రంగు కాగితాలను సొరుగులో పెట్టేశారు. చివరికి హమీద్ సార్ చెప్పినదే కొన్నారు. ప్రధాన యంత్రం ఒక కంపెనీది, తెరలు ఇంకొకరివి, ప్రింటర్ మరొకరిది. లోపల నడిచేది యునిక్స్. ఏ కంపెనీ పెట్టెలోనైనా ఇంచుమించు ఒకేలా నడిచే వ్యవస్థ అది. దాని మీద నేను రాసిన ప్రోగ్రాములను ఇంకో యంత్రానికి మోసుకుపోవచ్చు. 'ఓపెన్ సిస్టమ్స్' అనే పెద్ద మాటను నేను ఆ తర్వాత ఏదో పత్రికలో చదివాను. చదివి, ఇది మన ఎద్దు కాడి కదా అనుకున్నాను.

అన్నీ సాఫీగా జరిగాయని చెబితే అబద్ధమవుతుంది. ముగ్గురి సామాను ఒక చోట చేర్చితే, పాడైనప్పుడల్లా తప్పు పక్కవాడిదేనని ముగ్గురూ చెబుతారు. తగాదా తీర్చే పెద్దమనిషి ఉద్యోగం మాకు పడింది. మొదటి రోజే ప్రింటర్ పలకలేదు. సాకెట్లు ఒకటే రకం, తీగ సరిగ్గా పట్టింది, అయినా మౌనం. నేను ప్రోగ్రాములో తప్పులు వెతికి, దొరికినవన్నీ దిద్ది (నా ప్రోగ్రాముల్లో తప్పులకు ఎప్పుడూ కొరత ఉండేది కాదు) అలసిపోయాక, హమీద్ సార్ పిన్నులు లెక్కపెట్టి పకపకా నవ్వారు. "ఇద్దరు నోటికి నోరు ఆనిచ్చి మాట్లాడుతాన్నరు, చెవికి చెవి ఆనిచ్చి వింటాన్నరు. ఒకరి నోరు ఇంకొకరి చెవి కాడ పెట్టాలె." రెండో పిన్ను తీగను మూడోదానికి, మూడోదాన్ని రెండోదానికి మార్చగానే ప్రింటర్ కర్రుమని కూసింది. ఆ బొమ్మ కూడా గీయించి యంత్రం మూతలోనూ ప్రింటర్ మూతలోనూ అతికించారు. పక్కన ఆయన చేత్తో రాశారు: 'నోరు ఇటు, చెవి అటు'. కంప్యూటర్ గదిలో బొద్దింకలు ఉండవని నేనంటే, "ఉండకపోవచ్చు, మైలుతుత్తం మాత్రం కలుపు" అన్నారు.

మల్లేశమన్న ఊరుకుంటాడా? కొన్నాళ్లకే హనుమకొండలో కంప్యూటర్ శిక్షణ కేంద్రం తెరిచాడు. వేరే కంపెనీ యంత్రం, లోపల మాత్రం మాదే రకం యునిక్స్. మా దగ్గరికి వచ్చి మూతల్లోని బొమ్మలు చూసి వెళ్లి మరీ పెట్టాడు. "నకలు కొట్టిండు సార్" అని ఫిర్యాదు చేశాను. హమీద్ సార్ ముఖం వెలిగిపోయింది. "కొట్టనీ బేటీ. నకలు కొట్టేటోడు ఉంటేనే మన సామాను బతుకుతది."

ఆ ఏడు పత్తి పంట బాగా వచ్చింది. మిల్లు ముందు బండ్లు రోడ్డు మీద దాకా నిలిచాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే హమీద్ సార్‌కు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. పెద్ద దవాఖానలో పెట్టారు. దుకాణం తాళంచెవులు నా కొంగున చేరాయి. వారం తిరగకముందే మిల్లు కంప్యూటర్ కాలిపోయింది. కరెంటు ఎగిరెగిరి పడుతూ దాని గుండె బోర్డును మాడ్చేసింది. బోర్డు కోసం తయారుచేసిన కంపెనీకి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. వాకబు చేస్తే ఆ కంపెనీయే మూతపడిందని తెలిసింది. మూతలు తెరవడం నేర్చుకున్నాను కానీ, అలాంటి మూతను ఎలా తెరవాలో నాకు ఎవరూ నేర్పలేదు.

రామచంద్రం గారు మెత్తగానే చెప్పారు. మెత్తగా చెప్పడం వల్ల ఇంకా గట్టిగా తగిలింది. "సాయంత్రం దాక చూస్తనమ్మా. కాకపోతే ఆ టై ఆయన కంపెనీకి ఫోన్ చేస్త. మిషన్లు చూసుకునే మీ ఒప్పందం ఇగ ఉండదు. నన్ను తప్పుపట్టకు." మిల్లు పోతే దుకాణానికి మిగిలేది పాత రేడియోలే. మంచం మీదున్న మనిషికి నేను తీసుకెళ్లాల్సిన వార్త అదా? బయటికి వచ్చాను. బండ్ల వరసలో మా మేనమామ కనిపించాడు, పరకాల నుంచి పత్తి తెచ్చి పొద్దుట్నుంచి ఎండలో ఉన్నాడు. "ఏం బిడ్డా, మీ డబ్బా సచ్చిందట గదా? దినం ఎప్పుడు?" అన్నాడు. నవ్వుదామనుకున్నాను, రాలేదు.

అప్పుడే రోడ్డు మీద నుంచి, మైకు అక్కరలేని ఆ గొంతు వినిపించింది.

"సుగుణా! పెట్టె పోయిందట?"

"పెట్టెనే కాదన్నా, కంపెనీ గూడ పోయింది."

"పోతే పోనీ. నా పెట్టె ఉన్నది గదా. పా, ట్రాలీ తెచ్చిన."

నాకు వెంటనే అర్థం కాలేదు. తన శిక్షణ కేంద్రంలో ఉన్న ఒకే ఒక యంత్రాన్ని విప్పి, పాత పరుపుల మధ్య పెట్టుకుని ట్రాలీ ఆటోలో తెచ్చేశాడు. "మరి నీ క్లాసులన్నా?" అంటే, "సెలవిచ్చిన. మాస్టరే పాఠం నేర్చుకునేటందుకు పోతాండని చెప్పిన" అన్నాడు. లోపలికి మోసుకొచ్చి, కాలిపోయిన పెట్టెను పక్కకు జరిపి, ఆ చోట దాన్ని పెట్టాం. తెరల తీగలు తగిలించాం. పట్టాయి. వేరే కంపెనీ పెట్టెకు, వేరే కంపెనీ తెరలు, ఏ మాటా మాట్లాడకుండా పట్టాయి. రోజూ సాయంత్రం నకలు తీసి ఉంచే ఫ్లాపీల్లోంచి నా ప్రోగ్రాములను దించి, ఆ యంత్రానికి తగ్గట్టు మళ్లీ తయారుచేయించాను. అక్కడక్కడా గొణిగింది, దిద్దాను, ఒప్పుకుంది. ముందు రోజు వరకూ ఉన్న వివరాలు తెర మీదికి వచ్చాయి. ఇక ప్రింటర్ ఒక్కటే మిగిలింది. అది మాత్రం నోరు మెదపలేదు.

"గిదేందే?" అన్నాడు మల్లేశమన్న. నేను చెప్పేలోపే ప్రింటర్ మూత ఎత్తాడు. లోపల, మైలుతుత్తం నీలం అంచుకు కొద్దిగా పాకిన కాగితం మీద, హమీద్ సార్ చేతిరాత. మల్లేశమన్న ఇంకా కిందికి వంగి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టాడు. "నోరు ఇటు... చెవి అటు" అని పైకి చదివాడు. "ఈ మనిషి మంచం మీద పండుకొని గూడ నాకు చెప్పుడు బంజెయ్యలే" అన్నాడు. స్క్రూడ్రైవర్ కోసం చెయ్యి చాచాడు, మామూలు స్క్రూడ్రైవర్ కోసం. పాత పెట్టెకు నోరున్న చోట ఈ పెట్టెకు చెవి ఉంది, రెండు తీగలు అటూ ఇటూ మార్చాడు. ప్రింటర్ కర్రుమని కూసింది. మొదటి రసీదు మా మేనమామదే. ఆయన దాన్ని ఎండలో అటూ ఇటూ తిప్పి చూసి, "సచ్చి బతికిందా ఇది?" అన్నాడు. "లేదు మామా, ఇంకో ఎద్దును కట్టినం" అన్నాను. రామచంద్రం గారు నా వెనక నిలబడి ఉన్నారు. ఫోను దగ్గరికి వెళ్లలేదు.

ఆ సాయంత్రం నేనూ మల్లేశమన్నా కలిసి దవాఖానకు వెళ్లాం. హమీద్ సార్ దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. జరిగిందంతా చెప్పాను. చెప్పాను అనడం కంటే, మల్లేశమన్న అరుస్తుంటే మధ్యలో దొరికిన సందుల్లో నేను దూరాను అనడం నిజం. నర్సు వచ్చి ఇది దవాఖాన అని గుర్తుచేసి వెళ్లింది. సార్ అంతా విన్నారు. ఏదో అడగాలని ప్రయత్నించారు, మాట రాలేదు. అప్పుడు ఎడమ చేతిని మంచం మీద బోర్లించి, మెల్లగా పైకెత్తి, మూత తెరిచినట్టు చూపించారు. తర్వాత బొటనవేలితో గాలిలో ఏదో అదిమారు, కాగితం అతికించినట్టు.

"అతికిచ్చినం సార్" అన్నాను. "మల్లేశమన్న మిషన్ మూతల గూడ."

"నేనే అతికిచ్చిన భాయ్" అన్నాడు మల్లేశమన్న. "మైలుతుత్తం కలిపి."

హమీద్ సార్ నవ్వారు. ఆ నవ్వు ఒక వైపే వచ్చింది కానీ, రెండు వైపులకూ సరిపోయింది.

ఆయన తర్వాత చాలా ఏళ్లు ఉన్నారు, మాట లేకుండానే. దుకాణాన్ని నేను నడిపాను. మిల్లు మాతోనే ఉంది, ఇంకా కొన్ని చోట్లు కలిశాయి. యంత్రాలు మారాయి, కంపెనీలు పుట్టాయి, పోయాయి. ప్రతిసారీ పాతదాని పనిని కొత్తదాని మీదికి ఎత్తి పెట్టగలిగాం, కింద పడనివ్వలేదు. టై ఆయన మరలు తిప్పే పనిముట్టు ఒకటి ఎవరి దగ్గరో చూశాను, దాన్ని తిప్పడానికి ఒక్క మర కూడా మిగల్లేదు. నేను చేసిన ప్రతి పనికీ మూత లోపల ఒక బొమ్మ పెట్టాను, నేను లేని రోజున ఎవరో తెరుస్తారని. ఒక మనిషి ఎంత గట్టివాడో అతను ఉన్నప్పుడు నడిచిన పనిని చూసి చెప్పలేమని, మంచాన పడ్డప్పుడు ఆగకుండా నడిచినదాన్ని చూసి చెప్పాలని నాకు నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఒక ప్రింటర్ మూతలో చదివాను.

ఆసుపత్రిలో నా పేరు పిలిచారు. ఆ అమ్మాయి చార్జరు తిరిగి ఇస్తూ, దానికి చోటు చేయడానికి నేను సంచిలోంచి బయటికి తీసిన సామాను వైపు చూసింది. "ఆంటీ, గదేంది? మస్తుగున్నది" అంది. చేతిలోకి తీసుకుని తిప్పింది. ఇత్తడి ఇప్పటికీ మెరుస్తుంది, వారానికోసారి చింతపండుతో తోముతాను.

"పిన్ను" అన్నాను.

"దేనికి పడ్తది?"

"దేనికీ పట్టదు" అన్నాను.

తన ఫోను అడుగున ఉన్న రంధ్రం దగ్గర పెట్టి చూసి, నవ్వి ఇచ్చేసింది. నేను దాన్ని చార్జరు పక్కనే సంచిలో వేసుకుని లోపలికి వెళ్లాను. నా పద్ధతే అందరికంటే మంచిదని మొండికేసినప్పుడల్లా సంచిలో చెయ్యి పెట్టి ఒకసారి దాన్ని తడుముకుంటాను. మెడ దగ్గర ప్లయర్ తెంచిన చోట ఇంకా గరుకుగానే ఉంటుంది.